సర్వర్ ఆదివారమే ఎందుకు పడిపోయేది

ఇది ఎందుకు రాస్తున్నానంటే

నేను రిటైరైన ఆసుపత్రిలో ఇప్పుడు నా కుర్చీలో లావణ్య అనే అమ్మాయి కూర్చుంటోంది. ఈ మధ్య బజారులో కనబడి, కూరగాయల సంచి కింద పెట్టి మరీ సంతోషంగా చెప్పింది.

"అంకుల్, ఆదివారం మెయింటెనెన్స్ బంద్ చేసేశాను. అప్పట్నుంచి సర్వర్ ఒక్కసారి కూడా పడలేదు."

"ఎవరు చెప్పారమ్మా బంద్ చెయ్యమని?"

"ఎవరూ చెప్పలేదు. పాత ఫైల్లో ఉంది కదా, మెయింటెనెన్స్ చేస్తుంటే క్రాష్ అయిందని. మళ్లీ లేనిపోని పంగా ఎందుకు?"

ఆ ఫైలు నాకు తెలుసు. అందులో మా ఆసుపత్రి జరిపిన విచారణ సారమంతా ఒక్క వాక్యంలో ఉంది: సాధారణ నిర్వహణ జరుగుతుండగా డేటాబేస్ సర్వర్ క్రాష్ అయింది. ఆ వాక్యంలో అబద్ధం లేదు. కుంతీ అనే అమ్మాయి పేరు కూడా లేదు. ఆ వాక్యం చదివిన తెలివైన పిల్ల ఎవరైనా లావణ్య చేసిందే చేస్తుంది. అందుకే ఆ రోజు కూరలు కొనకుండానే బిలాస్‌పూర్ శివార్లలో మోప్కాలోని మా ఇంటికి వచ్చి కాగితాలు ముందేసుకున్నాను.

ఇక్కడి మా తెలుగువాళ్ల పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. లావణ్యకు నేనే చదివి వినిపిస్తాను. ఆసుపత్రి పేరు రాయను. ఊళ్లో ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి అనుకోండి, చాలు.

నేను నేర్చుకున్న చోటు

మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాలు సరిచేసే ముఠాలో మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి పని కోసం వచ్చి బిలాస్‌పూర్ క్వార్టర్లోనే మమ్మల్ని పెంచాడు. నాకు కంప్యూటర్ డిగ్రీ లేదు. ఆసుపత్రిలో రసీదులు టైపు చేసే పనిలో చేరాను. మిగతాదంతా లైబ్రరీ పెట్టిన భిక్ష.

రైల్వే కాలనీలో మన తెలుగు సంఘానికి ఒక చదువుల గది ఉండేది. అక్కడ నవలల వెనక, ఎవరో ఉద్యోగం మారుతూ వదిలేసి వెళ్లిన డేటాబేస్ పుస్తకం ఒకటి దొరికింది. ఇంగ్లీషుది, ఇటుకంత లావు. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు రెండు పేజీలు చదివేవాణ్ణి. అది అయిపోయాక సైకిలేసుకుని ఊరవతల కోని అనే చోటికి వెళ్లి యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. ఆసుపత్రిలో ఉన్నాను కదా అని రక్తం గురించి, కిడ్నీల గురించి కూడా చదివాను. నాకిది గర్వమే, దాచుకోను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట కూడా ఇదే. వీడియో చూస్తే ఏ మీట నొక్కాలో తెలుస్తుంది. ఎందుకు నొక్కకూడదో తెలియాలంటే పుస్తకం కావాలి.

వారమంతా బాగుండి, ఆదివారం పడిపోవడం

డేటాబేస్ అంటే ఆసుపత్రి జ్ఞాపకశక్తి. ఎవరికి ఏ జబ్బు, ఏ మందు పడదు, ఏ గ్రూపు రక్తం, అన్నీ అందులోనే. కాగితం రిజిస్టర్లు ఎప్పుడో మానేశారు. ఆదివారం ఓపీ ఉండదు గనక ఆ ఉదయం మెయింటెనెన్స్ పెట్టుకునేవాళ్లం. ఉన్న రికార్డులన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదివి, చెడినవేమైనా ఉన్నాయేమో చూసి, చెల్లాచెదురైనవాటిని మళ్లీ వరసలో పేర్చడం. ఇల్లు దులపడం లాంటిదే.

ఒక ఏడాది వానాకాలంలో ఆ పని మధ్యలో సర్వర్ ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే లేచింది. తర్వాతి ఆదివారమూ అంతే. ఆ పై ఆదివారమూ అంతే. సోమవారం నుంచి శనివారం దాకా మాత్రం గుర్రంలా నడిచేది.

"ఆదివారం దానికీ సెలవు కావాలి గోవింద్ భాయ్, మీకే జాలి లేదు," అని నర్సులు నవ్వేవారు.

అప్పుడు ఆసుపత్రి మేనేజరు సన్యాసిరావు గారు. రైల్వేలో కంట్రోల్ ఆఫీసు నుంచి రిటైరై వచ్చినవారు. ఒకే గదిలో కూర్చుని ఫోన్ల మీద వందల మైళ్ల రైళ్లు నడిపిన మనిషి. మాట కటువు, పని నిక్కచ్చి. ఆయన రాకముందు మా ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ సమయానికి తెరుచుకున్న రోజు లేదు.

"దులపరించినప్పుడే పడిపోతందంటే, దులపరించడం మానేయాలి గదా గోవిందూ?" అన్నారు.

"సార్, బలహీనంగా ఉన్న వంతెన మీద సైకిళ్లు వెళ్తే ఏమీ తెలియదు. గూడ్సు బండి ఎక్కినప్పుడే ఊగుతుంది. అలా అని గూడ్సు బండిది తప్పంటామా? వారమంతా ఈ మిషన్ మీద సైకిళ్లే వెళ్తున్నాయి. ఆదివారం ఒక్కటే గూడ్సు. లోపల ఏదో సామాను పాడైంది. ఒక రోజంతా ఇవ్వండి, వెతుకుతాను."

వంతెన మాట ఆయనకు నచ్చింది. "అచ్ఛా. రోజంతా కాదు, గంట బ్లాకు ఇస్తాను," అన్నారు.

బ్లాక్ అంటే

రైల్వే ఇళ్లలో పుట్టనివారికి ఈ మాట చెప్పాలి. పట్టాల పని చెయ్యాలంటే ఆ లైన్లో కాసేపు రైళ్లు ఆపుతారు. ఆ సమయం పేరు బ్లాక్. ఇచ్చిన సమయంలో పని ముగించి లైన్ అప్పగించాలి. దాటిపోతే "బ్లాక్ బర్స్ట్" అయిందంటారు. అంతకంటే అప్రతిష్ఠ ఇంకోటి లేదు. మా ఇంట్లో అన్నం ఆలస్యమైతే నాన్న పీట మీద కూర్చుని, "ఏటే, బ్లాక్ బర్స్ట్ అయిందేటి?" అని అమ్మను వేళాకోళమాడేవాడు.

అయితే ఆ నియమానికి రెండో సగం ఉంది. గ్యాంగు ఒకసారి పట్టా విప్పాక, సమయం దాటినా సరే, పట్టా బిగించేదాకా ఎర్ర జెండా దించరు. కంట్రోల్ రూమ్ నుంచి ఎంత అరిచినా దించరు. బ్లాక్ బర్స్ట్ అయితే తిట్లు పడతారు, అంతే. ఈ రెండో సగం పట్టాల మీద ఉన్నవాళ్లందరికీ తెలుసు. కంట్రోల్ కుర్చీలో కూర్చున్నవాళ్లకు మాత్రం మొదటి సగమే రోజూ వినబడుతుంది.

ఆ ఆదివారం

ఇచ్చిన గంట అయిపోయింది. ఎక్కడ పడిపోతుందో పట్టుకుందామని నడిపించిన, రికార్డులను మళ్లీ పేర్చే పని సగంలో ఉంది. సన్యాసిరావు గారు గడియారం చూసుకుంటూ సర్వర్ గదిలోకి వచ్చారు. వార్డుల నుంచి, ల్యాబ్ నుంచి ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి.

"ఏటి, ఇంకా అవ్వలేదేటి?"

"ఇంకా పడుతుంది సార్."

"నా సర్వీసంతా నా సెక్షన్లో బ్లాకు బర్స్ట్ అవ్వలేదు, తెల్సా? కట్టెయ్యి. మిగిలింది వచ్చే ఆదివారం సూసుకుందాం."

"మధ్యలో కట్టేస్తే ఆగదు సార్. ఇంతసేపు చేసిందంతా వెనక్కి విప్పుకుంటూ పోతుంది. దాన్ని రోల్‌బ్యాక్ అంటారు. చెయ్యడానికి ఎంత పట్టిందో విప్పడానికీ అంత పడుతుంది."

"విప్పుకోనీ. కట్టెయ్యి."

ఆపమని ఆజ్ఞ ఇచ్చాను. రోల్‌బ్యాక్ మొదలైంది. తెర మీద ఏమీ కదలదు. అది పనిచేస్తోందని నాకు తెలుసు, చూసేవాళ్లకు చచ్చిపోయినట్టే ఉంటుంది. ఆయన ఒకసారి తెర వైపు, ఒకసారి గడియారం వైపు చూశారు.

"ఇది లేవదు గోవిందూ."

"సార్, ముట్టుకోకండి. పట్టా విప్పి ఉంది."

ఆయన వంగి పవర్ బటన్ నొక్కి పట్టుకున్నారు. ఫ్యాన్లు ఆగిపోయాయి.

మళ్లీ ఆన్ చేస్తే మిషన్ లేచింది గానీ డేటాబేస్ తెరుచుకోలేదు. అప్పుడు మా ముందు రెండు దారులున్నాయి. శనివారం రాత్రి తీసిన పూర్తి నకలు ఉంది. దాన్ని ఎక్కించుకుంటే దాదాపు ఏమీ పోదు, కానీ సాయంత్రం అవుతుంది. అంతదాకా వార్డుల్లో కాగితాల మీద రాసుకోవాలి. రెండోది, సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ ఇంజినీరు ఫోన్లో చెప్పిన మరమ్మతు ఆజ్ఞ. నిమిషాల్లో అవుతుంది. చదవడానికి వీల్లేని పేజీలను అవతల పారేసి, మిగిలినదాన్ని తెరిచి ఇస్తుంది.

"పారేసినవి ఏవో చెప్తుందా?" అని ఆ ఇంజినీరును అడిగాను.

"సర్, కొంత డేటా పోవచ్చు అని ముందే అడుగుతుంది కదా. యస్ అనండి," అన్నాడతను.

"నకలు ఎక్కిద్దాం సార్," అన్నాను.

"సాయంత్రం దాకానా? వార్డులన్నీ పడుకోవాలేటి? పాడైన రెయిలు ముక్క తీసేసి ఇంకోటి బిగించి బండిని నెమ్మదిగా పంపించమా? అలాగే ఇదీను. యస్ అను."

ఆయన ఫోనందుకుని కంపెనీ అతనితోనే ఆ పని చేయించారు. తెర పచ్చబడింది. వార్డుల్లో చప్పట్లు కొట్టారట. "సూశావా?" అని నా భుజం తట్టి వెళ్లిపోయారు.

ఆయన్ని చెడ్డవాడని రాస్తే అది అబద్ధమవుతుంది. వార్డుల్లో రోగులున్నారు, ఫోన్లు మోగుతున్నాయి. రైలు పట్టా మీద ఆ తీర్పు మంచిదే కావచ్చు. పట్టా లేకపోతే అక్కడ ఖాళీ కనబడుతుంది. డేటాబేస్‌లో ఖాళీ కనబడదు. నా పని జీవితమంతటిలో నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెబుతాను.

కుంతీ

కుంతీ రతన్‌పూర్ అమ్మాయి. సికిల్ సెల్ జబ్బు. మా వైపు ఇది చాలా ఇళ్లలో ఉంది. రక్తకణాలు కొడవలిలా వంకరపోయి త్వరగా చచ్చిపోతాయి. నెలనెలా రక్తం ఎక్కించుకోవాలి. తల్లి సమారిన్ బాయి గుడి దారిలో కొబ్బరికాయలు అమ్ముతుంది. ఇద్దరూ బస్సులో వచ్చేవారు. కుంతీ గడుగ్గాయి. కారిడార్లో నన్ను చూస్తే చాలు, "కంప్యూటర్ అంకుల్! మీ మిషన్ కూడా నాలాగే మాటిమాటికీ పడిపోతోందటగా? దానికీ ఒక బాటిల్ ఎక్కించండి," అనేది హిందీలో.

మాటిమాటికీ రక్తం ఎక్కించుకునేవాళ్లలో కొందరి ఒంట్లో, కొన్ని రకాల పరాయి రక్తానికి విరోధి పదార్థాలు పుడతాయి. వాటిని యాంటీబాడీలు అంటారు. వీటిలో కొన్ని కొన్నాళ్లకు పరీక్షకు అందనంతగా తగ్గిపోతాయి. గ్రూపు కలుస్తుంది, పరీక్షలో రక్తం కలుస్తుంది. కానీ ఆ రకం రక్తం మళ్లీ లోపలికి వెళ్లగానే ఒళ్లు పాత పగ గుర్తుచేసుకుని దాడి చేస్తుంది. అది ముందుగా తెలిసే దారి ఒక్కటే. ఎప్పుడో ఒకసారి దొరికినప్పుడు రాసి పెట్టుకున్న రికార్డు. కుంతీకి అలాంటి యాంటీబాడీ ఉంది. అందుకే ఆమెకు సరిపడే రక్తం రాయ్‌పూర్ నుంచి వెతికి తెప్పించేవారు.

ఆదివారం సాయంత్రమే బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ లలితా సాహుకు ఫోన్ చేశాను. "కొన్ని రికార్డులు పోయి ఉండొచ్చు."

"ఏవి?"

"ఇంకా తెలీదు."

ఆమె తనకు గుర్తున్న పేర్లు కొన్ని కొట్టి చూసింది. ఆ పేర్లన్నీ ఉన్నాయి. పక్క మిషన్లో శనివారం నకలు తెరిచి, ఏం పోయాయో పోల్చడం మొదలుపెట్టాను. ముందు బిల్లింగు, ఫార్మసీ చూడమని మేనేజరు గారి ఆజ్ఞ. సోమవారం మధ్యాహ్నానికి అవి పూర్తయ్యాయి. పెద్దగా పోయింది లేదు. మంచినీళ్ల కోసం కారిడార్లోకి వచ్చాను. అక్కడ బెంచీ మీద సమారిన్ బాయి కూర్చుని ఉంది. మొహం వెలిగిపోతోంది.

"ఆజ్ జల్దీ మిల్ గిస్ బాబూ," అంది. ఇవాళ తొందరగా దొరికిందట.

"ఏం దొరికింది?"

"రక్తం. ఎప్పుడూ రెండు రోజులు ఆగమంటారు. ఇవాళ రాగానే ఇచ్చేశారు. సాయంత్రం బస్సుకే వెళ్లిపోతాం. మీ మిషన్ బాగుపడిందిగా, అందుకేనని కుంతీ అంది."

నీళ్ల గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. గదిలోకి వెళ్లి శనివారం నకలులో కుంతీ పేరు కొట్టాను. ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక ఉంది. నడుస్తున్న సర్వర్లో కొట్టాను. యాంటీబాడీలు: లేవు.

ఆ పేజీ పోయింది. పోయిందని మాత్రం తెర చెప్పలేదు. "లేవు" అంది. వందల పేర్ల మధ్య గుర్తు మీద ఆధారపడకుండా లలిత నియమం ప్రకారం తెర చూసింది, నియమం ప్రకారం రక్తం పరీక్షించింది, రెండూ సరే అన్నాయి. నేను మెట్లు దిగి వార్డుకు చేరేసరికి బ్యాగు ఖాళీ అయిపోయింది. కుంతీ తల దువ్వుకుంటోంది.

ఎదురుచూపు

బ్లడ్ బ్యాంకు డాక్టరు నందినీ వర్మ గారు ఆమెను ఇంటికి పంపలేదు. ఏమీ కాకపోవచ్చు, ఒకవేళ అయినా వెంటనే కాదు, రోజులు గడిచాక అవుతుంది అని తల్లికి విడమరచి చెప్పారు. లోపలికి వెళ్లిన రక్తాన్ని బయటికి తీసే మార్గం లేదు. ఇక చూస్తూ ఉండడమే.

సన్యాసిరావు గారు రోజూ వార్డుకు వచ్చేవారు. మంచం దగ్గరికి వెళ్లేవారు కాదు. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చునేవారు. గడియారం పెట్టుకోవడం మానేశారు.

"గోవిందూ, దీనికి రోల్‌బ్యాక్ లేదేటి?" అన్నారొకరోజు.

"లేదు సార్."

"అచ్ఛా," అని తలదించుకున్నారు.

మొదటి రోజులు కుంతీ అందర్నీ నవ్వించింది. "నన్ను హోటల్లో పెట్టినట్టు పెట్టారు, పప్పులో ఉప్పొక్కటే తక్కువ" అనేది. వారం తిరక్కుండానే జ్వరం వచ్చింది. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారింది. ఎక్కించిన కణాలతో పాటు ఆమె సొంత కణాలు కూడా కరిగిపోవడం మొదలైంది. ఇంకా రక్తం ఎక్కించాలంటే భయం, ఎక్కించకపోతే ప్రాణం నిలవదు. రాయ్‌పూర్ తీసుకెళ్లారు. అక్కడే పోయింది.

సమారిన్ బాయి తిరిగి వచ్చి నా గది గుమ్మంలో నిలబడింది. ఏడవలేదు. "కా హోగే రిహిస్ సాహెబ్?" అని అడిగింది. అసలేం జరిగిందీ అని. అంతదాకా బాబూ అనేది, ఆ రోజు సాహెబ్ అంది. కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాను, బటన్ సంగతి, మరమ్మతు సంగతి, "లేవు" అన్న మాట సంగతి. అంతా విని, "మిగతా పిల్లలవి?" అంది.

విచారణ, ఆ తర్వాత

ట్రస్టు పెద్దల ముందు సన్యాసిరావు గారు నిలబడి, "బటన్ నొక్కింది నేను. వద్దని గోవిందు చెప్పేడు. నకలు ఎక్కిద్దామన్నాడు, నేనే ఒప్పుకోలేదు," అన్నారు. వాళ్లు విన్నారు. రాసింది మాత్రం మీకు తెలిసిన ఆ వాక్యమే. ఆయన రాజీనామా చేశారు.

సర్వర్ విప్పితే అసలు జబ్బు దొరికింది. డిస్కులను నడిపే కార్డు చెడిపోతూ ఉంది. పని ఎక్కువైతే నిలిచిపోయేది, అందుకే ఆదివారాలు. ఆ కార్డు మీద చిన్న బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోయినా, రాయవలసినది మరిచిపోకుండా పట్టుకునేది అదే. అదీ చచ్చిపోయింది. బటన్ నొక్కగానే కార్డు పట్టుకున్నదంతా గాల్లో కలిసింది. కార్డు మార్చాక, నేను ఉన్నన్నాళ్లు ఆదివారం మెయింటెనెన్స్‌లో సర్వర్ ఒక్కసారి కూడా పడలేదు. మానేసి ఉంటే కూడా పడేది కాదు. రెండూ పైకి ఒకలాగే కనబడతాయి. లావణ్యా, నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

తర్వాత ప్రోగ్రాంలో ఒక మార్పు చేయించాం. యాంటీబాడీ గడి ఖాళీగా ఉంటే ఇప్పుడు "లేవు" అని రాదు. "తెలియదు" అని వస్తుంది. పరీక్షించి లేవని తేలితేనే, పరీక్షించినవారి పేరుతో సహా "లేవు" అని వస్తుంది. నా ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిటిలోకి ముఖ్యమైనది ఆ ఒక్క మాట మార్పు. దానికి ఇంత వెల కట్టాల్సి వచ్చింది.

కృతజ్ఞతలు

చదువుల గది తాళంచెవి నాకే ఇచ్చేసి, "నువ్వే తీసుకో, నువ్వే వేసుకో" అన్న పైడిరాజు గారికి. కోని లైబ్రరీలో, విద్యార్థిని కాకపోయినా కుర్చీ చూపించిన హేమంత్ దుబే గారికి. పోయిన రికార్డులను నాతో పాటు కూర్చుని ఒక్కొక్కటీ తిరిగి ఎక్కించిన లలితా సాహుకు. ఆమె ఇప్పటికీ తనను తాను క్షమించుకోలేదు, క్షమించుకోవలసింది ఏమీ లేకపోయినా. రక్తం గురించి నేను రాసింది సరిదిద్దిన డాక్టర్ నందినీ వర్మ గారికి. ఈ కాగితాలు మొత్తం చదివి, "నా పేరు మార్చకు" అని మాత్రమే అన్న సన్యాసిరావు గారికి. ఇది విన్న ఆదివారమే మెయింటెనెన్స్ మళ్లీ మొదలుపెట్టి, అది మధ్యలో ఆగిపోతే, బంద్ చెయ్యకుండా నాకు ఫోన్ చేసిన లావణ్యకు. పాడైంది ఏమిటో ఇప్పుడు ఇద్దరం వెతుకుతున్నాం. కుంతీ పోయిన నెలల్లో అన్నం ముందు పెట్టి, తినకపోయినా ఏమీ అనని నా భార్య సత్యవతికి.

చివరగా సమారిన్ బాయికి. రికార్డులు పోయినవాళ్లలో కొందరు ఫోన్లకు అందలేదు. రక్తం ఎక్కించే రోజుల్లో పక్క పక్క మంచాల దగ్గర కూర్చున్న తల్లులు కదా, వాళ్ల ఊళ్లు ఆమెకు తెలుసు. కూతురి దినాలు కాగానే బస్సులెక్కి తిరిగి వాళ్లను తీసుకొచ్చింది. ఇప్పటికీ కొబ్బరికాయల అమ్మకం లేని రోజు వచ్చి బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర బెంచీ మీద కూర్చుంటుంది. ఎవరి పిల్లకైనా రక్తం రాగానే దొరికితే, ఆ తల్లిని లేవనివ్వదు. తనే కిటికీ దగ్గరికి వెళ్లి లోపలికి తలపెట్టి అడుగుతుంది: "అత్‌కా జల్దీ కైసే మిలిస్?"

ఇంత తొందరగా ఎలా దొరికింది అని. లలిత తెర ఆమె వైపు తిప్పి, "లేవు" పక్కన ఉన్న పరీక్షించినవారి పేరు చూపిస్తుంది.